బాపు అడిగిన కరెంటు బిల్లు

ఈ పోస్టు పెద్దగనే ఉంటది. ఓపిక లేనోళ్ళు ఇక్కడే ఆగి తిట్టి పోవచ్చు, ఏమనుకోను. ఓపికున్నోళ్ళు మాత్రం పార్టీ కళ్ళద్దాలు కాసేపు పక్కన పెట్టి చదవండి.

ముందు నా తప్పు ఒప్పుకుంట. 2019 జూన్ 21న మేడిగడ్డ ప్రారంభం లైవ్‌లో చూసిన. ఇక్కడ రెడ్‌మండ్‌లో అప్పుడు రాత్రి పదిన్నర. నీళ్ళు పైపుల్లోంచి దుంకుతుంటే కళ్ళు తడిసినయ్, డ్రోన్ వీడియో ముప్పై మందికి ఫార్వర్డ్ చేసిన. 2021లో డిస్కవరీ చానల్లో డాక్యుమెంటరీ వస్తే దోస్తులను ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టి మరీ చూపించిన. 2023 మేలో నెవాడాలో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం కాళేశ్వరానికి అవార్డు ఇస్తే, 'చూడండ్రా, అమెరికోళ్ళే ఒప్పుకున్నరు' అని ఆఫీసులో తమిళ మేనేజరుకు కూడా చెప్పిన. అయిదు నెలలకు, అక్టోబరు 21న, మేడిగడ్డ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినయ్. అప్పుడు ఆ మేనేజరు ఏమీ అడగలేదు. అడిగితేనే బాగుండేది.

ఎందుకు మోసపోయిన అంటే, నీళ్ళు పైకి పోతయా పోవా అన్నది ఒక్కటే చూసిన. మోటరు పెడితే నీళ్ళు ఎవరెస్టు మీదికి కూడా పోతయ్. దాన్ని పట్టుకుని ప్రాజెక్టు సాధ్యమైందని చంకలు గుద్దుకున్నం.

మాది సిద్దిపేట దిక్కు. ఆరెకరాలు, రెండు బోర్లు, అందులో ఒకటి 2016లోనే ఎండింది. 2020 తర్వాత మా చెరువులోకి కాల్వ నీళ్ళు వచ్చినయ్. మత్తడి దుంకిన రోజు బాపు వీడియో కాల్ చేసి చెరువు కట్ట మీద నిలబడి చూపించిండు. ఫోను వణుకుతుంటే నీళ్ళ కన్నా ఆకాశమే ఎక్కువ కనపడ్డది. కాబట్టి 'కాళేశ్వరంతో చుక్క నీళ్ళు రాలేదు' అనేటోళ్ళతో నాకు పేచీ ఉంది. మా మేనమామ ఊరు మల్లన్నసాగర్ కింద మునిగింది. కాబట్టి 'ఎవ్వరికీ నష్టం లేదు' అనేటోళ్ళతో కూడా పేచీ ఉంది. ఒకే ఇంట్లో నీళ్ళొచ్చినోళ్ళూ నీళ్ళల్ల మునిగినోళ్ళూ ఉన్నరు. మాకు ఈ ముచ్చట టీవీ చర్చ కాదు.

ఈసారి ఎండాకాలం బాపు, అమ్మ వచ్చిన్రు. లేబర్ డే సెలవులకు ఎటు తీసుకుపోదాం అంటే అమ్మ గుడి అన్నది, బాపు 'ఇక్కడ పెద్ద డ్యాం ఏమన్న ఉందా' అన్నడు. అట్ల ఆగస్టు 31 ఆదివారం పొద్దున్నే గ్రాండ్ కూలీ బయల్దేరినం. స్నోక్వాల్మీ కనుమ దాటేదాకా అంతా పచ్చటి అడవి. ఎలెన్స్‌బర్గ్ దాటి కొలంబియా నది దిగేసరికి ఒక్కసారిగా ఎండిన గుట్టలు, నల్లరాళ్ళు, తుప్పలు. 'ఇదేందిరా, మన మహబూబ్‌నగర్ కన్న అన్నాలం ఉంది' అన్నడు బాపు. నిజమే, ఈఫ్రటా చుట్టుపక్కల ఏడాదికి ఎనిమిది అంగుళాల వాన. మన సిద్దిపేటలో అంతకు మూడు రెట్ల పైనే పడతది. కానీ ఆ ఎండు నేల మధ్యలోనే గుండ్రటి పచ్చటి మళ్ళు. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఆపిల్ తోటలు, పశువుల గడ్డి. అన్నీ ఎత్తిపోతల నీళ్ళే.

ఆ రోజు హైదరాబాద్‌లో అసెంబ్లీ నడుస్తున్నది. కాళేశ్వరం మీద జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ నివేదికపై చర్చ. దారి పొడుగునా నా ఫోను మోగుతనే ఉంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక సగం ఇంకో సగాన్ని తిడుతున్నది. బాపు వెనక సీట్లో కూర్చుని అవన్నీ విన్నడు, ఏం మాట్లాడలేదు.

గ్రాండ్ కూలీ గురించి తెల్వనోళ్ళకు నాలుగు ముక్కలు. కొలంబియా నది మీద 1933లో మొదలుపెట్టి 1942లో పూర్తి చేసిన్రు. 550 అడుగుల ఎత్తు, మైలు పొడవు. 6,809 మెగావాట్లు, అమెరికాలో ఇంతకన్నా పెద్ద కరెంటు కేంద్రం లేదు. డ్యాం పక్కన గుట్ట మీదికి పన్నెండు పెద్ద పైపులు ఎక్కుతయ్. డ్యాం వెనక సరస్సు నుంచి నీళ్ళను 280 అడుగులు, అంటే 85 మీటర్లు ఎత్తి పైన బ్యాంక్స్ లేక్‌లో పోస్తరు. అక్కడి నుంచి కాల్వలు. ఏటా వంద టీఎంసీలకు పైగా ఎత్తి, 6 లక్షల 70 వేల ఎకరాలు పారిస్తరు.

బాపు కమ్మీ పట్టుకుని ఆ పైపులను చాలాసేపు చూసిండు. నేను మెగావాట్లు, అడుగులు, క్యూసెక్కులు అని ఏదో చెప్పుకుంట పోతున్న. మధ్యలో ఆపిండు.

'గదంత సరే. మోటర్ల కరెంటు బిల్లు ఎవడు కడ్తడు?'

'డ్యామే బాపు. కింద కరెంటు పుడతది కదా, అందులో కొంచెం వాడుకుని నీళ్ళు ఎత్తుకుంటరు. మిగిలిందంతా అమ్ముకుంటరు.'

'మరి మన మేడిగడ్డల కరెంటు పుడతదా?'

'పుట్టదు.'

'మరి గక్కడ ఎవడు కడ్తుండు?'

ఇరవై ఏళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న. పదివేల డాలర్ల సర్వర్ ఖర్చుకు మూడు మీటింగులు పెట్టి, నెలకు ఎంత అయితది, ఎవరి ఖాతాలో పడతది అని రాసి సంతకాలు పెట్టించుకునే ఉద్యోగం నాది. ఈ ప్రశ్న 2019లో నాకెందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాలేదు.

సరే, ఇప్పుడు లెక్కకొద్దాం. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినోళ్ళు ఎవరైనా చేసుకోవచ్చు. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల టన్నుల నీళ్ళు. దాన్ని ఒక్క మీటరు ఎత్తడానికి, మోటర్లలో, పైపుల్లో పోయేది కూడా కలుపుకుంటే, దాదాపు లక్ష యూనిట్ల కరెంటు కావాలె. టీఎంసీకి, మీటరుకు, లక్ష యూనిట్లు. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ ఎత్తిపోతల పథకాన్నైనా చాయ్ తాగే లోపు తూకం వేయొచ్చు.

గ్రాండ్ కూలీలో 85 మీటర్లు. టీఎంసీకి 85 లక్షల యూనిట్లు. ఆ డ్యాం ఏడాదికి పుట్టించేది సుమారు 2,000 కోట్ల యూనిట్లు. అంటే తన కరెంటులో నూటికి అయిదు వంతులు ఖర్చు పెడితే పొలాల నీళ్ళు పైకెక్కుతయ్. నదిలో ఏటా వచ్చే నీళ్ళల్ల ఎత్తేది నూటికి మూడు నాలుగు వంతులే. మిగతాదంతా కిందికి దుంకుతూ డబ్బు సంపాదిస్తది.

మన దగ్గర మేడిగడ్డ నీటిమట్టం 100 మీటర్లు. కొండపోచమ్మ సాగర్ 618 మీటర్లు. మల్లన్నసాగర్ 557. మా చెరువు దాకా రావాలంటే ఒక అయిదు వందల మీటర్లు అనుకుందాం. టీఎంసీకి 5 కోట్ల యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే 30 కోట్లు. టీఎంసీ నీళ్ళు పది వేల ఎకరాలకు అని మన పాత లెక్క. ఎకరానికి ముప్పై వేలు. కరెంటు ఒక్కటే. ప్రాజెక్టు వాళ్ళ లెక్క ప్రకారం టీఎంసీతో 13 వేల పైచిలుకు ఎకరాలు పారుతయనుకున్నా 22 వేలు. ఇందులో అప్పు లేదు, వడ్డీ లేదు, రిపేర్లు లేవు, జీతాలు లేవు.

ఇది రెడ్‌మండ్‌లో కూసున్న ఒక కోడింగ్ చేసేటోని లెక్క అనుకుంటే, కాగ్ లెక్క చూడండి. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీలో పెట్టిన్రు. మొత్తం మోటర్లు తిరగాలంటే 8,459 మెగావాట్లు, ఏడాదికి 1,434 కోట్ల యూనిట్లు, కరెంటు ఖర్చే 10,374 కోట్ల రూపాయలు. దీన్ని కొత్త ఆయకట్టు 18 లక్షల 26 వేల ఎకరాలకు, స్థిరీకరణ అని చెప్పిన 18 లక్షల 82 వేల ఎకరాలకు కలిపి పంచినా ఎకరానికి 28 వేలు. నేను చాయ్ తాగుతూ వేసిన లెక్కకు ఎంత దూరంలో ఉందో మీరే చూడండి. కొత్త ఆయకట్టు మీదనే వేస్తే 56 వేలు దాటుతది.

ఇంకో రకంగా చెప్త. నా ఎదురుగా ఉన్న ఆ కొండంత డ్యాం, అమెరికాలోనే పెద్దది, దాని టర్బైన్లు అన్నీ ఒకేసారి తిప్పి ఒక్క ఇంటికి కూడా లైటు ఇయ్యకుండా కాళేశ్వరానికి కలిపినా మోటర్లన్నీ తిరగవు. 6,809 ఎక్కడ, 8,459 ఎక్కడ!

బాపుకు ఇదంతా వివరిస్తే ఆయన తన లెక్క చెప్పిండు. ఎకరానికి ఇరవై అయిదు క్వింటాళ్ళ వడ్లు, 2025–26 మద్దతు ధర 2,369 రూపాయలు, మొత్తం 59 వేలు. దున్నుడు, నాటు, మందు, కోత పోను 'చేతిల ఇరవై మిగిలితె దేవుని దయ'. ఇరవై వేలు మిగిలే పంటకు ప్రభుత్వం పాతిక ముప్పై వేల కరెంటు పోస్తున్నది. 'గా పైసలు నాకే ఇచ్చి పంట పెట్టకుమంటె ఇంట్ల కూసుందును గద' అన్నడు. నవ్వుతూనే అన్నడు గానీ కాగ్ ఇంజనీర్ల భాషలో దీన్నే ప్రయోజన–వ్యయ నిష్పత్తి అంటరు. డీపీఆర్‌లో అది 1.51 అని రాసిన్రు, రూపాయి పెడితే రూపాయిన్నర వస్తదని. కాగ్ లెక్క సరిచేస్తే 0.75. పెరిగిన ఖర్చు, అంటే 1,47,000 కోట్లు దాటుతుందన్న అంచనా, కలిపితే 0.52. డీపీఆర్‌లో కరెంటు యూనిట్ మూడు రూపాయలని వేసుకున్నరు. మూడు రూపాయలకు కరెంటు ఎక్కడ దొరుకుతదో చెప్తే మా ఇంటికి కూడా పెట్టించుకుంట.

ఇక్కడ కొందరు తెలివైన మిత్రులు 'కాల్వల మీద టర్బైన్లు పెడితే కరెంటు తిరిగి వస్తది కదా' అని కామెంట్ చేస్తరు. నిచ్చెన ఎక్కి దిగితే ఆకలి తీరుతదా తమ్మీ? ఎత్తడానికి వంద యూనిట్లు పెట్టినం. ఆ నీళ్ళను మళ్ళీ మొత్తం కిందికి వదిలితే డెబ్బై ఎనభై వస్తయేమో. అప్పుడు పొలానికేం పోస్తవ్?

ఇంకొందరు 'తెలంగాణ ఎత్తు మీద ఉంది, నది కింద ఉంది, ఎత్తకుండా నీళ్ళెట్ల వస్తయ్, నువ్వు ఆంధ్రోళ్ళ భాష మాట్లాడుతున్నవ్' అంటరు. లిఫ్టులకు నేను వ్యతిరేకం కాదు. వాషింగ్టన్ రాష్ట్రం చరిత్ర చదివితే అక్కడ గెలిచింది కూడా లిఫ్టే. 1918 నుంచి పదమూడేళ్ళ పైన కొట్లాడుకున్నరు. స్పోకేన్ వాళ్ళు ఎగువన పెండ్ ఒరేల్ నది నుంచి గ్రావిటీ కాల్వ తవ్వుదామన్నరు. ఈఫ్రటా, వెనాచీ వాళ్ళు గ్రాండ్ కూలీ దగ్గర డ్యాం కట్టి ఎత్తుదామన్నరు. పనామా కాల్వ కట్టించిన జనరల్ గోథల్స్‌ను 1922లో పిలిపిస్తే ఆయన గ్రావిటీకి ఓటేసిండు. అంత పెద్ద పేరు చెప్పినా వాదన ఆగలేదు. చివరికి సైన్యం ఇంజనీర్ల విభాగం నుంచి మేజర్ బట్లర్ రెండు దారులకూ పక్కపక్కన లెక్క కట్టి, కరెంటు అమ్ముకునే డ్యాంతో ఎత్తుడే చవక అని తేల్చిండు. నివేదిక 1932లో కాంగ్రెస్‌కు చేరింది. ఆ తర్వాత పని మొదలైంది.

మన దగ్గరా రెండు దారులు ఉండె. తుమ్మిడిహట్టి దగ్గర నీళ్ళు 150 మీటర్ల ఎత్తులోనే దొరుకుతయ్, మేడిగడ్డ కన్నా 50 మీటర్లు పైన. టీఎంసీకి 50 లక్షల యూనిట్లు మిగులు. అయితే అక్కడ దొరికే 165 టీఎంసీల్లో 63 ఎగువ రాష్ట్రాల వాటా అని కేంద్ర జలసంఘం చెప్పింది, మహారాష్ట్ర ముంపు గొడవ ఒకటి. మేడిగడ్డలో నీళ్ళు ఎక్కువ, ఎత్తు ఎక్కువ. ఇది నిజంగానే కష్టమైన ఎంపిక, దాచేదేం లేదు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ఊళ్ళకు చూపెట్టి ఉంటే ఏదో ఒకటి తేలేది. 2015లో ప్రభుత్వమే వేసిన రిటైర్డ్ ఇంజనీర్ల కమిటీ మేడిగడ్డ దగ్గర బ్యారేజీ వద్దని రాసిచ్చింది. ఆ సంగతి మనకు ఎప్పుడు తెలిసింది? బ్యారేజీ కుంగినంక, కమిషన్ వేసినంక. నిర్ణయం ముందు, డీపీఆర్ తర్వాత. పెళ్ళయినంక జాతకాలు కలిపినట్టు.

గ్రాండ్ కూలీని నెత్తిన పెట్టుకోమని కూడా నేను చెప్పను. పది లక్షల ఎకరాలకు పైగా అని మొదలుపెట్టిన్రు, ఎనభై ఏళ్ళయినా మిగతా ఆయకట్టు కాగితాల మీదనే ఉంది. కరెంటు కొనేవాళ్ళు లేరని మొదట్లో తెల్ల ఏనుగు అని ఎక్కిరించిన్రు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి విమానాల అల్యూమినియం ఫ్యాక్టరీలు ఆ కరెంటు తాగకపోతే ఏమయ్యేదో. రైతులు కట్టాల్సిన దాంట్లో పెద్ద భాగం కరెంటు అమ్మకం మీద వేసిన్రు, అది సబ్సిడీయే. కానీ పుస్తకంలో సబ్సిడీ అనే రాసుకున్నరు. ఇంక ఆ డ్యాంకు చేపల మెట్లు పెట్టలేదు. సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే సాల్మన్ చేపలు అక్కడితో ఆగిపోయినయ్. కెటిల్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర వేల ఏళ్ళుగా చేపలు పట్టుకుని బతికిన తెగలు 1940లో దాని దగ్గర చేరి మూడు రోజులు ఏడ్చి వీడ్కోలు చెప్పిన్రు. కోల్‌విల్ తెగలకు పరిహారం ఒప్పందం కుదిరింది 1994లో. 5 కోట్ల 30 లక్షల డాలర్లు, ఆ పైన ఏటా కొంత. యాభై ఏళ్ళు! అక్కడ బోర్డు మీద ఈ కథ చదివి అమ్మకు చెప్తే, 'మీ మామ ఊరి గుడి లెక్కనే' అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత వ్యూ పాయింట్ దగ్గర ఫొటో దిగుదామంటే దిగలేదు.

నా ఆంధ్రా మిత్రులారా, ఇంతసేపు లైకులు కొడుతున్నరని తెలుసు, జర ఆగండి. మేడిగడ్డ మీద మీమ్స్ పంపినోళ్ళే ఇప్పుడు పోలవరం–బనకచర్ల గ్రాఫిక్స్ పంపుతున్నరు. 200 టీఎంసీలు, 80 వేల కోట్లు, రంగురంగుల బాణాలు. 2025 జూన్‌లోనే కేంద్ర పర్యావరణ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను వెనక్కి పంపింది. రాయలసీమకు నీళ్ళు కావాలె, అందులో రెండో మాట లేదు. కానీ ఏ మీటరు నుంచి ఏ మీటరుకు ఎత్తుతరు? టీఎంసీకి, మీటరుకు లక్ష యూనిట్లు అన్న లెక్కకు రాష్ట్ర సరిహద్దు తెల్వదు. పోలవరంలో 960 మెగావాట్ల కేంద్రం వస్తున్నది నిజమే. దాన్నే చూపించి 'కరెంటు మనదే కదా' అంటే, ఆ కరెంటు వాడుకున్నా అమ్మనట్టే, ఆ నష్టం ఖాతాలో రాయండి.

చేతి గుర్తు మిత్రులకు కూడా ఒక మాట. కమిషన్, అసెంబ్లీ, ఇప్పుడు సీబీఐ. తప్పు చేసినోళ్ళ లెక్క తేలాల్సిందే. కానీ పిల్లర్లు రేపు బంగారంలా నిలబడ్డా కరెంటు బిల్లు అట్లనే ఉంటది. కుంగుడు గురించి గంటలు గంటలు మాట్లాడి బిల్లు గురించి మాట్లాడరు, ఎందుకంటే అది మాట్లాడితే మీరు కట్టబోయే లిఫ్టులకూ అదే అడుగుతరు. 2019 నుంచి 2023 దాకా ఎత్తిందంతా కలిపినా ఒక్క ఏడాదికి అనుకున్న 195 టీఎంసీలు కాలేదు. పూర్తిగా ఎత్తి ఉంటే బిల్లు చూసి ఖజానా ముందు కుంగేది.

గులాబీ మిత్రులు నన్ను అన్‌ఫ్రెండ్ చేసే ముందు ఒక్క పని చేయండి. ఉన్న మోటర్లను మూలకు పెట్టమని నేను అనను. కరువు ఏడాదిలో తాగునీళ్ళకు, ఎండుతున్న పంటకు ఒక తడికి ఎకరానికి ఎంత ఖర్చయినా పెట్టొచ్చు, అది ప్రాణం లెక్క. ఏటా యాసంగి వరికి అయిదు వందల మీటర్లు ఎత్తుడు వేరే లెక్క. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి 'రైతుకు నీళ్ళు వద్దంటవా' అని అడగకండి. మా ఊళ్ళో గొలుసుకట్టు చెరువుల్లో మూడో చెరువు తూము ఇప్పటికీ పూడిపోయే ఉంది. దానికి అయ్యే ఖర్చు ఆ పైపులకు వేసే రంగు ఖర్చంత ఉండదు.

నేను అడిగేది ఒక కాగితం. కొత్తది కట్టినా, పాతది రిపేరు చేసినా, టెండరు పిలవకముందే ఆయకట్టు కింద ఉన్న ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలె. మీ ఊరికి ఎన్ని మీటర్లు ఎత్తుతం, ఎకరానికి ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఎన్ని రూపాయలు, ఎవరు కడతరు, కట్టకపోతే ఏమయితది, ఏ ఊరు మునుగుతది. తెలుగులో, బాపు చదవగలిగే అక్షరాల్లో.

తిరిగొచ్చేటప్పుడు సోప్ లేక్ దాటినంక బాపు నిద్రపోయిండనుకున్న. లేదు. కాస్ట్‌కో రశీదు వెనక పెన్నుతో ఏదో రాస్తున్నడు. ఆరెకరాలు, యూనిట్లు, రూపాయలు. కింద గీత గీసి, మా ఊరి మొత్తం ఆయకట్టుకు గుణించిండు. 'గిన్ని పైసలు మన ఊరికి ఎన్నడన్న వచ్చినయారా?' అన్నడు. ఒక సున్న ఎక్కువ పడ్డదేమో అని నేను ఫోన్‌లో మళ్ళీ వేసిన. పడలేదు.

ఆ రశీదు ఫొటో మొదటి కామెంట్లో పెడుతున్న. వెనక వైపు మేము కొన్న కోళ్ళ ధర కనపడతది, దాన్ని వదిలేయండి. లెక్కలో తప్పుంటే మీటర్లు, యూనిట్లు, రూపాయలు వేసి దిద్దండి, పోస్టు ఎడిట్ చేస్త. పేరు పెట్టి తిట్టాలనుకునేటోళ్ళు కూడా ముందు ఒక గడి దిద్ది తర్వాత తిట్టండి. బాపు పక్కనే కూసున్నడు, కామెంట్లన్నీ చదివి వినిపించమంటున్నడు.